విడిదింట్లో రాక్షస బంధువు

మనుషుల నెత్తురు తాగి బతికే అమానుష జీవి పెళ్లింట అడుగుపెడితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఐరోపా కథలు చాలాకాలం భయంతోనే జవాబు చెప్పగా, తెలుగువారు ఎక్కువగా చెప్పుకున్న కథలు విందుతోను, చుట్టరికంతోను, నవ్వుతోను జవాబు చెప్పాయి. ఈ తేడా సినిమా రచయితల చమత్కారం వల్ల మాత్రమే వచ్చినది కాదు; ఊరి పొలిమేర దగ్గర మొదలై ఇంటి గడప మీదుగా పెళ్లిపీటల దాకా సాగే ఆచారాల వరుసలో దాని మూలాలు కనిపిస్తాయి. ఆ వరుసను పరిశీలించడానికి గరికపాడు వంటి సరిహద్దు ఊరు అనువైన చోటు. హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, కోదాడ దాటి ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టగానే తగిలే ఈ గ్రామం పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి పడమటి వాకిలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పటి నుంచి జగ్గయ్యపేట, నందిగామలతో పాటు ఎన్టీఆర్ జిల్లాలో భాగం. రాష్ట్రం రెండైనా కోదాడ వైపు వారికీ జగ్గయ్యపేట వైపు వారికీ మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఆగలేదు గనుక, ముహూర్తాల రోజుల్లో ఇక్కడి చెక్‌పోస్టు మీదుగా పెళ్లివారి బస్సులు రెండు వైపులా సాగిపోతూనే ఉంటాయి.

పొలిమేర అంటే ఊరికీ అడవికీ, మనవారికీ పైవారికీ నడుమ ఉండే గీత. తెలుగు నేల మీద గ్రామదేవత కొలుపుల్లో, బలి ఇచ్చిన జంతువు నెత్తురు కలిపిన అన్నాన్ని ఊరి చుట్టూ చల్లుకుంటూ పోయే ఆచారం ఒకటి ఉండేది; ఆ అన్నాన్నే పొలి అంటారు. హెన్రీ వైట్‌హెడ్ అనే క్రైస్తవ మతాధికారి 1916లో దక్షిణ భారత గ్రామదేవతల గురించి ప్రచురించిన పుస్తకంలో ఇటువంటి తంతులను వివరంగా నమోదు చేశాడు. నెత్తురు కోరే శక్తులను తరిమికొట్టడం కంటే, వాటి వాటా వాటికి ముట్టజెప్పి శాంతపరచడమే మేలన్న ఆలోచన ఈ ఆచారానికి ఆధారం. పెళ్లి పనులు మొదలైన ఇంట్లో కూడా ఇదే ఆలోచన మెత్తబడిన రూపంలో కనిపిస్తుంది. పసుపు దంచి, నవధాన్యాలు కట్టిన రాటను పందిట్లో పాతి, నలుగు పెట్టి పెళ్లికొడుకునో పెళ్లికూతురునో చేసిన తరువాత, ఆ మనిషిని ఊరి పొలిమేర దాటనివ్వరు. బుగ్గన చుక్క పెడతారు, నుదుట బాసికం కడతారు, చేతికి పసుపుకొమ్ముతో కంకణం చుడతారు. వీటన్నిటిలోకీ ఎక్కువ అర్థవంతమైనవి, కొత్త దంపతులు గడప ముందు నిలబడినప్పుడు పళ్లెంలో దిగదుడిచి పారబోసే ఎర్రనీళ్లు.

ఎర్రనీళ్లు తయారుచేయడానికి రంగు అక్కర్లేదు. పళ్లెంలో పోసిన నీళ్లలో పసుపు కలిపి, అందులో తాంబూలానికి వాడే సున్నం గోరంత వేసి వేలితో కలియదిప్పగానే, పచ్చటి నీరు చూస్తుండగానే నెత్తుటి రంగుకు తిరుగుతుంది. పసుపులో ఉండే కర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలినప్పుడు ఎర్రబడుతుంది, సున్నం క్షారగుణం కలది. జీవహింస లేకుండా నెత్తురును అభినయించి, కన్నువేసిన వారెవరైనా ఆ పళ్లెంతోనే తృప్తిపడి వెళ్లిపోయేలా చేసే ఈ ఏర్పాటును పెద్ద ముత్తయిదువులు తడుముకోకుండా చేసేస్తారు. జగ్గయ్యపేట పరిసరాల్లో నేల కింద అంతా సున్నపురాయే. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు కర్మాగారాలు ఆ రాతి మీద ఆధారపడే నడుస్తున్నాయి. ఊరికి ఆనుకుని ఉన్న ధనబోడు దిబ్బ మీద 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వి వెలికితీసిన బౌద్ధ స్తూపానికి తొడిగిన పలకలు కూడా సున్నపురాయివే.

ఆ స్తూపం దగ్గర దొరికిన శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరానికి చెందినది. ఇదే ఇక్ష్వాకులు కృష్ణానది ఎగువన విజయపురిలో, అంటే నేటి నాగార్జునకొండలో ఉండి పాలించారు. అక్కడి తవ్వకాల్లో హారీతి ఆలయం బయటపడింది. హారీతి పసిపిల్లలను తినే యక్షిణి అని, బుద్ధుడు ఆమె ముద్దుబిడ్డను భిక్షాపాత్ర కింద దాచి కడుపుకోత ఎలా ఉంటుందో తెలిసేలా చేశాడని, అప్పటి నుంచి ఆమె పిల్లలను కాపాడే తల్లిగా మారిందని, భిక్షువులు తమ భోజనంలో ఆమెకు భాగం పెట్టేవారని బౌద్ధ కథ చెబుతుంది. రక్తమాంసాలు కోరే స్త్రీని చంపకుండా ఇంటి మనిషిగా మార్చుకుని విస్తరి వేసే సంప్రదాయం ఈ నదీతీరానికి ఎంత పాతదో దీన్ని బట్టి ఊహించవచ్చు.

ఐరోపా దారి వేరు. అక్కడ వాంపైర్ అని పిలిచే రక్తపిశాచం చచ్చి సమాధిలో ఉండి, రాత్రిపూట లేచి వచ్చి బతికున్నవారి మెడ కొరికి నెత్తురు తాగుతుంది. జాన్ పోలిడోరి 1819లో ప్రచురించిన ‘ది వాంపైర్’ అనే కథతో ఆంగ్ల సాహిత్యంలో ఈ పాత్ర స్థిరపడింది. అందులో లార్డ్ రుత్వెన్ అనే రక్తపిశాచి ఒక కుటుంబంలోని ఆడపడుచును పెళ్లాడతాడు, పెళ్లి ముగిసిన రాత్రే ఆమె ప్రాణం పోతుంది. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన ‘డ్రాక్యులా’ నవల ఒక నియమాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది: ఇంటివారిలో ఎవరో ఒకరు పిలిస్తే తప్ప రక్తపిశాచి తొలిసారి ఆ గడప దాటలేదు. అక్కడ ఆ పిలుపు ఒక పొరపాటు, వినాశానికి మొదలు. అదే పిలుపు తెలుగు కథలో శుభలేఖ అవుతుంది. రక్తపిశాచి ప్రేమకథలో బంధువులందరి ముందూ సంబరంగా సాగే పెళ్లి ప్రపంచమంతటా పాఠకులను ఆకట్టుకోవడానికి స్టెఫనీ మేయర్ 2008లో ‘ట్విలైట్’ వరుసలోని నాలుగో నవల వెలువరించే దాకా ఆగవలసి వచ్చింది.

మహాభారతం ఆదిపర్వంలోని హిడింబ వృత్తాంతాన్ని ఈ దృష్టితో చదివినవారికి ఆశ్చర్యం కలుగుతుంది. లక్క ఇంటి నుంచి తప్పించుకున్న పాండవులు అడవిలో అలసి నిద్రపోగా భీముడు ఒక్కడే కాపలా కూర్చుంటాడు. దాపులోని మద్దిచెట్టు మీద ఉన్న హిడింబుడనే రాక్షసుడికి మనిషి వాసన తగులుతుంది. గొంతు పట్టుకుని, నరం తెంపి, వెచ్చటి నురుగు నెత్తురు కడుపారా తాగాలన్న కోరికను సంస్కృత భారతం అతడి నోటనే చెప్పిస్తుంది. డ్రాక్యులా కంటే ఎన్నో శతాబ్దాల ముందే, మెడనూ నరాన్నీ గురిచూసిన రక్తపాయి వర్ణన ఇది. వారిని పట్టి తెమ్మని అతడు చెల్లెలు హిడింబిని పంపుతాడు. ఆమె వస్తుంది, భీముణ్ణి చూస్తుంది, ఆకలి మరిచిపోతుంది. అన్న కోసం వెతికి తేవలసిన మాంసాన్ని భర్తగా కోరుకోవాలని అక్కడికక్కడే నిశ్చయించుకుని, అందమైన మానవ స్త్రీ రూపం ధరించి, దాపరికం లేకుండా తాను ఎవరో, ఎందుకు వచ్చిందో, ఇప్పుడు ఏం కోరుతున్నదో భీముడితో చెబుతుంది.

ఆ తరువాత జరిగినది పూర్తిగా సంసారపక్షమైన వ్యవహారం, ఈ కథకు ప్రాణం అక్కడే ఉంది. భీముడి చేతిలో హిడింబుడు చనిపోయాక, ఆమె ప్రేమను ఒప్పుకోవడమా మానడమా అన్నది అడవిలో ఇద్దరి మధ్య తేలిపోలేదు. ఆమె కాబోయే అత్తగారి ఎదుటికి వెళ్లి చేతులు జోడించి కుంతిని అడిగింది, పాండవుల్లో పెద్దవాడైన ధర్మరాజు మాట్లాడి షరతు పెట్టాడు. ఆ షరతు ఏమిటంటే, పగలంతా భీముణ్ణి ఎక్కడికైనా తీసుకుపోయి విహరించవచ్చు గాని, పొద్దు గుంకేసరికి అతణ్ణి తిరిగి తల్లి దగ్గరికి చేర్చాలి. రాత్రి కోసం కాచుకుని పగటి వెలుగుకు జడిసే ఐరోపా రక్తపిశాచికి ఇది సరిగ్గా తిరగేసిన నియమం: రాత్రిళ్లు బలం పుంజుకునే జాతికి చెందిన ఈ స్త్రీకి దొరికిన దాంపత్యమంతా పగటి దాంపత్యమే. కొడుకు పుట్టేదాకా మాత్రమే ఈ కాపురమని భీముడు మరో షరతు చేర్చాడు. ఆ కొడుకు ఘటోత్కచుడు. పాండవులను వీడిపోతూ, పని పడ్డప్పుడు తలుచుకుంటే చాలు, వచ్చి నిలబడతానని అతడు తండ్రులకు మాట ఇచ్చాడు. గడప దాటడానికి పిలుపు కావలసిన రాక్షసుడు ఇక్కడ చుట్టంగా, మాట ఇచ్చిన కొడుకుగా మారాడు. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో ఆదిపర్వాన్ని తెలుగు చేసిన నన్నయ చేతి మీదుగా ఈ చుట్టరికం తెలుగు కావ్యంలోకి వచ్చింది.

భారతంలో నెత్తురు తాగిన ఘట్టంగా అందరికీ గుర్తుండేది కర్ణపర్వంలోని దుశ్శాసన వధ, అక్కడ తాగినవాడు రాక్షసుడు కాదు, భీముడు. దుశ్శాసనుడి రొమ్ము చీల్చి నెత్తురు తాగిన ఆ పనికి యుద్ధం ముగిశాక గాంధారి నిలదీస్తే, అది తన పెదవులనూ పళ్లనూ దాటి లోపలికి పోలేదని అతడు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. నెత్తురు కోసం వచ్చి దానిని మరిచిపోయిన భార్యను, నెత్తురు కోసం ప్రతిజ్ఞ పట్టిన భర్తను పక్కపక్కన నిలిపి చూస్తే, రాక్షసత్వం పుట్టుకలో ఉంటుందన్న నమ్మకాన్ని భారతమే సడలించిందని అనుకోవాలి.

పెళ్లి పనుల సందడిలోకి ఈ రాక్షస కుటుంబాన్ని తీసుకువచ్చినది మాత్రం జానపదులు. వ్యాసుడి భారతంలో అభిమన్యుడికి ఉత్తరతోనే పెళ్లి. బలరాముడి కూతురు శశిరేఖ అక్కడ లేదు. మేనత్త కొడుకుకు ఇస్తామన్న పిల్లను ఐశ్వర్యం చూసి వేరొకరికి ఇవ్వజూస్తే ఏమవుతుందన్నది మేనరికాలు మామూలైన సమాజానికి దగ్గరగా తగిలే ప్రశ్న గనుక, ఆ లోటును జనం కథతో పూరించుకున్నారు. మరాఠీ నేల మీద ఈమె సురేఖ అయింది. బాబూరావు పెయింటర్ 1921లో ‘సురేఖా హరణ్’ అనే మూకీ చిత్రం తీశాడు. తెలుగులో 1936లో పి.వి.దాస్ దర్శకత్వంలో ‘శశిరేఖా పరిణయం’ టాకీగా వచ్చింది. అంతకంటే ముందు నుంచీ ఈ కథను ఊరూరా మోసుకుపోయినవి నాటక సమాజాలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి వారు, కుటుంబం కుటుంబమే రంగం మీదికి వచ్చి, కంటికి కనబడని తీగలతోను, తెరల వెనుక యంత్రాలతోను ఘటోత్కచుడి మాయలను ప్రేక్షకుల ఎదుటే జరిపించి చూపించారు. ‘మాయాబజార్’ నాటకం ఇప్పటికీ వారి ప్రదర్శనల్లో ముందు వరుసలో ఉంది.

విజయా సంస్థ నిర్మాతలు బి.నాగిరెడ్డి, చక్రపాణి 1957 మార్చి 27న విడుదల చేసిన ‘మాయాబజార్’ ఈ పరంపరకు శిఖరం. కె.వి.రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రాహకుడు, మా.గోఖలే, కళాధర్ కళాదర్శకులు. ఘటోత్కచుడిగా నటించిన ఎస్.వి.రంగారావు 1918లో పుట్టినది కృష్ణా మెట్టలోని నూజివీడులోనే. శ్రీకృష్ణుడిగా నటించిన ఎన్.టి.రామారావు నిమ్మకూరు వారు, అభిమన్యుడిగా నటించిన అక్కినేని నాగేశ్వరరావు గుడివాడ ప్రాంతపు రామాపురం వారు. అంటే ఈ చిత్రంలోని పెళ్లిపెద్ద, పెళ్లికొడుకు, రాక్షస బంధువు ముగ్గురూ పాత కృష్ణా జిల్లా బిడ్డలే. పాండవుల పక్షాన జరిగే ఈ కథలో పాండవులు ఒక్కసారి కూడా తెర మీదికి రారు. ఊళ్లో లేని మగవారి తరఫున పెళ్లిని గట్టెక్కించే భారమంతా ఆడవారి మీద, రాక్షసుల మీద పడుతుంది.

జూదంలో పాండవులు సర్వం పోగొట్టుకున్నాక బలరాముడి భార్య రేవతి మనసు మార్చుకుని, దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి శశిరేఖను ఇవ్వడానికి ఒప్పిస్తుంది. దాంతో అభిమన్యుడి తల్లి సుభద్ర కొడుకును వెంటబెట్టుకుని అడవి దారి పడుతుంది. పొలిమేరలో అడ్డగించిన ఘటోత్కచుడు అభిమన్యుడితో తలపడి, వచ్చినది పినతల్లి, తమ్ముడు అని తెలియగానే కాళ్ల మీద పడతాడు. అక్కడి నుంచి ఆ రాక్షస ఆశ్రమమే పెళ్లికొడుకు ఇల్లు. అభిమన్యుడికి పెద్దమ్మ వరుసయ్యే హిడింబి పాత్రలో సూర్యకాంతం కనిపించడం చక్కటి ఎంపిక: తెర మీద గయ్యాళి అత్తగా లోకానికి తెలిసిన నటి, నరమాంసం తినే వంశంలో పుట్టిన స్త్రీగా వచ్చి, తోడికోడలిని ఆప్యాయంగా ఇంట్లోకి తీసుకుపోతుంది.

ఘటోత్కచుడు ద్వారకకు వెళ్లి నిద్రపోతున్న శశిరేఖను పాన్పుతో సహా ఎత్తుకొచ్చి, ఆమె రూపం తానే ధరించి పెళ్లింట కూర్చోవడంతో అసలు వినోదం మొదలవుతుంది. పెళ్లికొడుకు తరఫు వారు బస చేసే ఇంటిని విడిది అంటారు. పెళ్లి నాటి మాటపట్టింపులు చాలావరకు అక్కడే పుడతాయన్న సంగతి పెళ్లి చేసిన ప్రతి కుటుంబానికీ తెలుసు. కౌరవుల కోసం రాక్షసులు మాయతో కట్టిన పట్నమే ఆ విడిది. చిన్నమయ్య, లంబు, జంబు అనే రాక్షస అనుచరులు అక్కడ మర్యాదలు చేసే పరిచారకులు. వంటశాలలో గోంగూర ప్రస్తావన వచ్చి, ద్వాపరయుగపు పెళ్లి కాస్తా కృష్ణా, గుంటూరు జిల్లాల పెళ్లిగా మారిపోతుంది. లడ్డూలు వాటంతట అవే నోట్లోకి ఎగిరిపోయే విందు పాటను మాధవపెద్ది సత్యం పాడగా, రంగారావు కూర్చున్నచోటే పెళ్లి వంటకాలన్నీ ఖాళీ చేస్తాడు. ఊరి మీద పడి నెత్తురు తాగవలసిన జీవి పెళ్లి లడ్డూలతో కడుపు నింపుకుని తేన్చిన ఈ దృశ్యాన్ని, పొలిమేర దగ్గర పొలి చల్లిన ఆచారంతో కలిపి చూడాలి. కడుపు నిండా పెడితే రాక్షసుడు మనవాడే అవుతాడన్న నమ్మకం రెండింటిలోనూ ఒకటే.

పెళ్లిపీటల మీద జరిగేది ఇంకా విశేషం. లక్ష్మణకుమారుడిగా రేలంగి సిగ్గుపడుతూ మురిసిపోతూ కూర్చున్నది ఒక రాక్షసుడి పక్కన. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నటన దగ్గరగా గమనించదగినది. ముఖం, నగలు, చీర మారవు. భుజం ఒక్కసారి వెడల్పవుతుంది, నడకలో అడుగు బరువెక్కుతుంది, మరుక్షణం చూసేవారెవరో గుర్తుకొచ్చి ఒళ్లంతా పెళ్లికూతురి ఒద్దికలోకి ముడుచుకుపోతుంది. తంతు సాగుతుండగా పెళ్లికొడుకు కాలి మీద పడినది రాక్షసుడి పాదం. అతడు అదిరిపడి చూసేసరికి పక్కన ఉన్నది శశిరేఖ పాదమే. వరుడికి తప్ప మరెవరికీ కనబడని ఈ భయం ప్రేక్షకుడికి నవ్వు. అదే సమయంలో అసలు పెళ్లి హిడింబి ఇంట్లో జరిగిపోతుంటుంది. ఈ నవ్వుల పెళ్లిని చూసే తెలుగు ప్రేక్షకుడికి భారతం ముగింపు కూడా తెలుసు: పదమూడో రోజు యుద్ధంలో లక్ష్మణకుమారుణ్ణి అభిమన్యుడు చంపుతాడు, ఆ రోజే అభిమన్యుడూ నేలకూలుతాడు, మర్నాటి రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కర్ణుడి శక్తికి బలి అవుతాడు. ఆ సంగతి తెలిసి కూడా, తెలిసినందువల్లనే కాబోలు, జనం ఆ మూడు గంటల పెళ్లిని అంతగా ప్రేమించారు.

ఇదే నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో ‘చందమామ’ పత్రికను ప్రారంభించారన్నది యాదృచ్ఛికంగా తీసుకోకూడని విషయం. శవంలో చేరి చెట్టుకు వేలాడే బేతాళుణ్ణి తెలుగు పిల్లలకు దశాబ్దాల పాటు ఇష్టుణ్ణి చేసినది ఆ పత్రికే. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తున్నట్టు చిత్రకారుడు శంకర్ గీసిన బొమ్మ తెలియని తెలుగు ఇల్లు ఒక తరంలో అరుదు. రిచర్డ్ బర్టన్ 1870లో ఈ కథలను ఆంగ్లంలోకి తెచ్చినప్పుడు బేతాళుణ్ణి రక్తపిశాచిగానే పరిచయం చేశాడు గాని, పదకొండో శతాబ్దపు సోమదేవుడి కథాసరిత్సాగరంలో బేతాళుడు చేసేది మెడ కొరకడం కాదు, పెళ్లి సంబంధాల చిక్కుముడులు విప్పమనడం. చనిపోయిన పిల్ల బూడిద మీద పడుకున్నవాడు, అస్థికలు గంగలో కలిపినవాడు, మంత్రం నేర్చి బతికించినవాడు, ఈ ముగ్గురిలో ఆమె ఎవరికి భార్య అవుతుందని అతడు అడుగుతాడు. బతికించినవాడు తండ్రి, అస్థికలు కలిపినవాడు కొడుకు, విడవకుండా పక్కన ఉన్నవాడే భర్త అని రాజు తీర్పు. ఈ కథలకు మూలమని చెప్పే బృహత్కథను శాతవాహన రాజు కొలువుకు చెందిన గుణాఢ్యుడు పైశాచీ భాషలో, సిరా దొరకక తన నెత్తురుతో రాశాడని సోమదేవుడే చెబుతాడు. ఆ లెక్కన పిశాచాల భాష, నెత్తురు సిరా రెండూ మన కథాసాహిత్యపు పురిటింట్లోనే ఉన్నాయి.

ఇటీవలి సినిమా ఈ దారిని పూర్తిగా మరిచిపోలేదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ‘జాంబీ రెడ్డి’లో ప్రశాంత్ వర్మ విదేశీ శవభూతాలను నేరుగా రాయలసీమ పెళ్లింట దించి నవ్వించాడు. 2025 దీపావళికి వచ్చిన హిందీ చిత్రం ‘థామా’ రష్మిక మందన్నను బేతాళ జాతి యువతిగా చూపి, ఆమెకూ ఒక మామూలు మనిషికీ ప్రేమ కుదిర్చింది. అయినా తెలుగులో రక్తపిశాచి ప్రేమకథ రాయాలనుకునే కొత్త రచయితల్లో చాలామంది నల్లకోటు, శవపేటిక, వెల్లుల్లి దండ దగ్గరే మొదలుపెడుతున్నారు. మన పెళ్లింట్లో వెల్లుల్లి వంటశాలలో ఉండేదే తప్ప దిష్టి తీసేది కాదు. దిష్టికి నిమ్మకాయ, ఎండుమిరపకాయ, గుమ్మడికాయ, ఎర్రనీళ్లు ఉన్నాయి. నందిగామ, జగ్గయ్యపేట పొలాల్లో ఆ మిరపకు కొరత కూడా లేదు. కాబోయే అత్తగారి అనుమతి కోసం చేతులు జోడించి నిలబడిన హిడింబి, పగలు మాత్రమే సాగిన ఆమె కాపురం, పద్దెనిమిదేళ్లు నిండని మరిది కొడుకు పెళ్లికి తన ఇంటినే పందిరి చేసిన ఆమె పెద్దరికం, ఇవన్నీ ఇంకా ఎవరైనా నవలగానో, నాటకంగానో, వెబ్ సిరీస్‌గానో ఆమె వైపు నుంచి విపులంగా చెప్పదగిన సామగ్రి. ఆ పనికి పూనుకునే వారు ముందుగా నన్నయ ఆదిపర్వంలోని హిడింబ వృత్తాంతాన్ని చదవాలి, తరువాత సురభి వారి డేరా ఎక్కడ వేశారో కనుక్కుని ‘మాయాబజార్’ను ఒకసారి రంగస్థలం మీద చూడాలి.